క్యూసెక్కు విలువ తేదీని బట్టి: హెన్రీస్ ఫోర్క్ నది వెంట ప్రయాణం

మొదటి రోజు: టార్గీ కనుమ నుంచి బిగ్ స్ప్రింగ్స్

యెల్లోస్టోన్ పార్కుకి వెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకు వెస్ట్ యెల్లోస్టోన్ ఊళ్లో బస చేసి, గీజర్లూ బైసన్లూ చూసి తిరుగుముఖం పడతాయి. అదే ఊరి నుంచి 20వ నంబరు హైవే పట్టుకుని పడమటికి వెళ్తే కాసేపట్లో టార్గీ కనుమ వస్తుంది. ఎత్తు 7,072 అడుగులు. కనుమ దాటగానే మోంటానా అయిపోయి ఐడహో మొదలవుతుంది. అవతల పడ్డ చినుకు అట్లాంటిక్ వైపుకి, ఇవతల పడ్డది పసిఫిక్ వైపుకి పోతుంది. దిగుతుంటే కుడిచేతి వైపు హెన్రీస్ లేక్ కనబడుతుంది. ఇక్కణ్నుంచి హెన్రీస్ ఫోర్క్ నది వెంట దిగువకి, పొలాల దాకా దిగడమే ఈ ప్రయాణం.

రెయిన్‌బో ట్రౌట్ చేపకి అమెరికాలో పేరుమోసిన నదుల్లో ఇదొకటి. ఇదే నీటి మీద బంగాళదుంప, బార్లీ, గోధుమ, అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం పండుతాయి. చేపకీ పైరుకీ ఒకే జలాశయం నుంచి నీళ్లు ఎలా సర్దుతున్నారో చూడాలంటే ఆగస్టులో రావాలి. కాలువలు నిండుగా పారుతుంటాయి, జలాశయం రోజురోజుకీ దిగుతుంటుంది, నీరు వేడెక్కుతుంటుంది. సర్దుబాటులో ఉన్న ఇబ్బందులన్నీ ఆ నెలలోనే బయటపడతాయి.

హెన్రీస్ లేక్ సహజంగా ఏర్పడిన సరస్సే. 1923లో కట్ట వేసి పెంచారు. నిల్వ 90,000 ఎకరా-అడుగులు (ఎకరం మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు). ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 23,000 ఎకరా-అడుగులు కాబట్టి ఇది 3.9 టీఎంసీలు. విస్తీర్ణం ఎక్కువ, లోతు తక్కువ. ఇందులో నీరు రైతుల కంపెనీది. మామూలు ఏడాదిలో దీన్ని పెద్దగా కదపరు, కరువు కోసం అట్టే పెడతారు. చూసి ముందుకి సాగొచ్చు, ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఆగాల్సింది బిగ్ స్ప్రింగ్స్ దగ్గర. మాక్స్ ఇన్ అనే చోటు నుంచి తూర్పుకి చిన్న తారురోడ్డు. లావా పీఠభూమి అంచున, బండల కింద నుంచి నీరు ఒక్కసారిగా నదిలా బయటికొస్తుంది. రోజుకి సుమారు 12 కోట్ల గ్యాలన్లు, అంటే 185 క్యూసెక్కులు (సెకనుకి 185 ఘనపుటడుగులు). జనవరిలోనైనా జులైలోనైనా 11 డిగ్రీల సెల్సియస్సే. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే నీరు ఉన్నట్టే తెలీదు. ముందు ఇసుక మీద నీడ కనబడుతుంది, ఆ తర్వాత నీడకి కాస్త పైన చేప. తోక కొస మాత్రం కదుపుతూ, ఎదురు ప్రవాహంలో ఉన్నచోటే నిలబడి ఉంటుంది. ఇక్కడ చేపలు పట్టడం నిషేధం, అందుకే బాగా పెద్దవి కూడా భయం లేకుండా తిరుగుతాయి.

ఇలాంటి ఊట నీరు ఉన్న నదికి ఒక ప్రత్యేకత ఉంది. మంచు తక్కువ పడ్డ ఏడాది ఊట వెంటనే తగ్గదు. కరిగిన నీరు లావా పొరల్లోకి ఇంకి, ఏళ్ల తరబడి లోపల నడిచి బయటికొస్తుంది. అందుకని వరసగా రెండు మూడేళ్లు మంచు తగ్గితే దాని ప్రభావం ఆలస్యంగా కనబడుతుంది, పోవడానికీ అంతే ఆలస్యం పడుతుంది. ఒక్క మంచి శీతాకాలం రాగానే కరువు తీరిందనుకుని జలాశయం లెక్కలు వేస్తే తప్పేది ఇక్కడే.

రెండో రోజు: ఐలండ్ పార్క్ డ్యామ్

ఈ నదిని నడిపే తాళంచెవి ఇదే. 1930ల చివర్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ కట్టిన మట్టి కట్ట, ఎత్తు 91 అడుగులు. నిల్వ 1,35,000 ఎకరా-అడుగులు, అంటే 5.9 టీఎంసీలు. శ్రీశైలం, సాగర్ అంకెలకి అలవాటుపడ్డవాళ్లకి ఇది చిన్న చెరువులా అనిపిస్తుంది. కానీ దిగువన ఉన్న రైతులూ, కట్ట కింద ఉన్న ట్రౌట్‌లూ దీని మీదే ఆధారపడ్డారు. గేట్ల నిర్వహణ ఫ్రీమాంట్-మాడిసన్ నీటిపారుదల జిల్లా చేతిలో ఉంటుంది. ఇది రైతులే సభ్యులుగా ఉన్న సంస్థ. నీటి హక్కుల్లో ఐడహో పాటించే సూత్రం పాతవాళ్లదే మొదటి వంతు. ఎవరు ముందు నుంచి వాడుతున్నారో వాళ్ల వాటా తీరాకే తర్వాత వచ్చినవాళ్లకి. జులైలో నది సహజ ప్రవాహం అందరి హక్కులకీ చాలనప్పుడు నిల్వ నీరు వదలడం మొదలవుతుంది.

అక్టోబరు నుంచి మార్చి దాకా నింపడం, వేసవిలో వదలడం. చెప్పుకోవడానికి ఇంతే. కష్టం ఎక్కడ వస్తుందంటే, రైతుకి నీరు అక్కర్లేని చలికాలంలో నింపుకోవాలి, ఆ చలికాలంలోనే పిల్ల చేపకి నీరు ఎక్కువ కావాలి. సెప్టెంబరు చివరికి జలాశయం ఎంత అడుగంటితే, దాన్ని నింపడానికి చలికాలంలో నదికి వదిలేది అంత కోసుకోవాలి. సాగర్ వార్తల్లో ‘క్యారీ ఓవర్’ (ఈ ఏడాది వాడకుండా వచ్చే ఏడాదికి మిగిల్చే నీరు) అనే మాట విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఇక్కడ ఆ క్యారీ ఓవరే చేప ప్రాణం.

ఎంత వదిలారన్నది సగం సంగతే. ఎలాంటి నీరు వదిలారన్నది మిగతా సగం. వేసవిలో జలాశయం పొరలుగా విడిపోతుంది, పైన వెచ్చని నీరు, అడుగున చల్లనిది. వదిలేది లోతు నుంచి కాబట్టి మొదట్లో నదికి చల్లని నీరే అందుతుంది. జులైలోనే ఎక్కువ తోడేస్తే అడుగు చల్లదనం ముందే ఖర్చైపోతుంది. ఆగస్టు నాటికి గాలికి పై నీరూ కింది నీరూ కలిసిపోయి, వెచ్చని, నాచు కలిసిన, మసక నీరు దిగుతుంది. అడుగు పొరకి ఇంకో జబ్బు కూడా ఉంది. అక్కడ కుళ్లే పదార్థం ఆక్సిజన్‌ని తినేస్తుంది. ట్రౌట్‌కి లీటరుకి 6 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా ఆక్సిజన్ కావాలి. కట్ట దగ్గర 1994 నుంచి 4.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నడుస్తోంది. టర్బైను గుండా మూసిన గొట్టంలో దిగే నీటికి గాలి తగలదు, అందుకే అక్కడ నీటిలోకి గాలి ఎక్కించే ఏర్పాటు పెట్టారు. అదే నీరు గేట్ల కింద నుంచి ఎగజిమ్ముకుంటూ వస్తే గాలి దానంతటదే కలుస్తుంది. కాబట్టి ఆక్సిజన్ పడిపోతున్న రోజుల్లో కరెంటా, చేపా అన్న ప్రశ్న వస్తుంది. లైసెన్సు షరతులు అక్కడ చేప వైపు నిలబడ్డం మంచి పని.

జలాశయం బాగా దిగితే వచ్చే మూడో ప్రమాదం పూడిక. నీరు నిండుగా ఉన్నప్పుడు ఒండ్రు అడుగున కదలకుండా ఉంటుంది. మట్టం పడిపోయి పాత నదీ మార్గం బయటపడితే, ప్రవాహం ఆ మెత్తటి ఒండ్రుని కోసుకుంటూ నేరుగా తూము దగ్గరికి తెస్తుంది. 1992లో అదే జరిగింది. పనికిరాని చేపల్ని మందుతో నిర్మూలించడానికి జలాశయాన్ని దాదాపు ఖాళీ చేశారు. 50,000 నుంచి 1,00,000 టన్నుల ఒండ్రు కిందికి కొట్టుకుపోయింది. గులకరాళ్ల సందులు పూడుకుపోతే అక్కడ బతికే మేఫ్లై, సాల్మన్‌ఫ్లై పురుగుల పిల్లలకి చోటు ఉండదు, ట్రౌట్ గుడ్లకి నీరు ఆడదు. ఆ దెబ్బ తర్వాతే, 1993లో, హెన్రీస్ ఫోర్క్ వాటర్‌షెడ్ కౌన్సిల్ పుట్టింది. దాని సమావేశాల్ని రైతుల నీటిపారుదల జిల్లా, నది సంరక్షణ కోసం 1984లో ఏర్పడిన హెన్రీస్ ఫోర్క్ ఫౌండేషన్ కలిసి నడుపుతాయి. కోర్టుల్లో తేల్చుకుందామనుకున్న రెండు పక్షాలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈ లోయకి జరిగిన పెద్ద మేలు.

మూడో రోజు: బాక్స్ కాన్యన్, హారిమన్ పార్క్

కట్ట దిగగానే, అర మైలు లోపే, ఎడమ పక్క నుంచి బఫలో నది వచ్చి కలుస్తుంది. అదీ ఊట నదే. ఏడాది పొడవునా సుమారు 200 క్యూసెక్కులు తెస్తుంది. చలికాలంలో కట్ట నుంచి వదిలేది బాగా తగ్గినా ఇక్కణ్నుంచి దిగువన నది ఎండకపోవడానికి కారణం ఇదే. కట్ట అవుట్‌ఫ్లో అంకె చూసి బాక్స్ కాన్యన్‌లో నీరెంతో అంచనా వేయాలంటే బఫలో నీటిని తప్పకుండా కలుపుకోవాలి.

బాక్స్ కాన్యన్ మూడు మైళ్లకి పైగా ఉన్న ఇరుకు లోయ. అడుగంతా గుండ్రాళ్లు, నీరు జోరుగా పారుతుంది. పైన కాలిబాట ఉంది. ఎలుగుబంట్లు తిరిగే చోటు, వాటిని తరిమే స్ప్రే వెంట ఉంచుకోవాలి. ఒడ్డుకి దిగి, నీటి అంచున ఉన్న రాళ్లని కాసేపు గమనించాలి. ఈ నది చలికాలపు లెక్కంతా ఆ రెండడుగుల వెడల్పులోనే ఉంది. తలకాయంత రాయి, దాని పక్కన ఇంకోటి, రెంటికీ మధ్య అరచేయి పట్టేంత సందు. వసంతంలో పుట్టిన ట్రౌట్ పిల్ల చలికాలం నాటికి వేలెడు పొడవు ఉంటుంది. నీరు చల్లబడ్డాక దాని ఒళ్లు మందగిస్తుంది, వేగంగా ఈదలేదు. పగలంతా ఇలాంటి సందులో దూరి, రాత్రి మాత్రమే బయటికొస్తుంది. ప్రవాహం మధ్యలో దాక్కోవడానికి దానికి బలం చాలదు, ఒడ్డు పక్క సందులే గతి. నది అర అడుగు దిగితే ఆ సందులన్నీ నీటి బయట పడతాయి. నీరు మధ్యలో ఎంత ఉన్నా పిల్ల చేపకి ఇల్లు పోయినట్టే. ఈ నది మీద జరిగిన పరిశోధన తేల్చిందీ అదే. చలికాలం రెండో సగంలో నీరు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పిల్లలు వసంతం దాకా బతుకుతాయి. కొన్ని పిల్లలు వెచ్చగా ఉండే బఫలో నదిలోకి ఎక్కిపోతాయి. దాని మీదున్న చిన్న ఆనకట్టకి చేపల మెట్లు అందుకే కట్టారు.

నీరు తగ్గించే తీరూ ముఖ్యమే. సాగు ముగిసిన వారంలో గేట్లు ఒక్కసారిగా దించితే పక్కపాయల్లో ఉన్న పిల్లలు గుంటల్లో చిక్కుకుపోతాయి. రోజుకి కొంత చొప్పున, మెట్లు మెట్లుగా దించాలి.

లాస్ట్ ఛాన్స్ అనే చోటు దాటాక దృశ్యం మారిపోతుంది. లోయ విచ్చుకుని నది వెడల్పుగా, పల్చగా, దాదాపు కదలనట్టు పారుతుంది. ఇది హారిమన్ స్టేట్ పార్క్. హారిమన్ కుటుంబం తమ రాంచ్‌ని 1977లో రాష్ట్రానికి అప్పగించింది. 1982లో పార్కు జనానికి తెరిచారు. ఇక్కడ ఫ్లై గాలానికే (పురుగులా కనబడేలా చేసిన ఎర) అనుమతి, పట్టిన చేపని వదిలేయాలి.

మోకాలి లోతు నీటిలో పొడుగాటి పచ్చని నీటి మొక్కలు ప్రవాహం వాలున దువ్వినట్టు పడుకుని ఉంటాయి. ఇవి నీటికి అడ్డుపడి మట్టాన్ని పైకి లేపుతాయి. అందుకే వేసవిలో తక్కువ క్యూసెక్కులకే నది నిండుగా కనబడుతుంది. మొక్కలు చచ్చాక అదే ప్రవాహం పల్చబడి, రాళ్లు తేలతాయి. కంటితో చూసి ‘నీరు తగ్గించేశారు’ అని కోప్పడే ముందు ప్రవాహం కొలిచే గేజీ చూడాలి. ఈ మొక్కల వేళ్ల మధ్యే పురుగులు, పురుగుల మీదే ట్రౌట్‌లు, చలికాలంలో ఈ మొక్కల మీదే ట్రంపెటర్ హంసలు బతుకుతాయి. 1988 కరువుకి జలాశయం బాగా దిగిపోయాక వచ్చిన 1989 ఫిబ్రవరిలో, విపరీతమైన చలికి తక్కువ నీటితో ఉన్న నది గడ్డకట్టింది. మేత మంచు కింద పడి హంసలు ఆకలితో చచ్చిపోయాయి. ప్రవహించే నీరు ఎక్కువుంటే గడ్డకట్టడం కష్టం. అప్పట్లో అత్యవసరంగా నీరు వదలాల్సి వచ్చింది.

ఆగస్టు మధ్యాహ్నాల్లో ఇక్కడ నీటి ఉష్ణోగ్రత చూసుకోవాలి. 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కి ఊపిరాడ్డం కష్టమవుతుంది. గాలానికి పడి పెనుగులాడిన చేపని వదిలినా బతకడం కష్టం. ఆ గీత దాటిన రోజున గాలం మూసెయ్యాలి, తెల్లవారుజామున రావాలి. ఈ సూచనకి మినహాయింపులు వెతకొద్దు.

నాలుగో రోజు: మెసా జలపాతం, యాష్టన్, చెస్టర్

ఎగువ మెసా జలపాతం ఎత్తు 114 అడుగులు. ఇక్కడ కట్ట లేదు, నీటి మళ్లింపూ లేదు. పొద్దున్నే వెళ్తే నీటి తుంపర్ల మీద ఇంద్రధనుస్సు కనబడుతుంది. యాష్టన్ దగ్గర లోయ దిగగానే పొలాలు మొదలవుతాయి. ఈ పరిసరాలు విత్తన బంగాళదుంపకి ప్రసిద్ధి. దుంప ఊరే రోజుల్లో నాలుగు రోజులు తడి తప్పితే కాయ వంకర్లు పోతుంది, ధర పడిపోతుంది. రైతు నీరు అడిగేది అందుకే. ఈ అవసరాన్ని తక్కువ చేసి నది గురించి మాట్లాడేవాళ్లు ఈ పొలాల మధ్య ఒక పూట తిరిగి రావాలి.

యాష్టన్ దిగువన తూర్పు నుంచి ఫాల్ నది కలుస్తుంది. దాని ఎగువ కొండల్లో గ్రాసీ లేక్ అనే చిన్న జలాశయం ఉంది, 15,200 ఎకరా-అడుగులు. చెస్టర్ ఆనకట్ట దగ్గర క్రాస్ కట్ కాలువ మొదలవుతుంది. ఇది హెన్రీస్ ఫోర్క్ నీటిని టీటన్ నది ఆయకట్టుకి తీసుకెళ్తుంది. అంటే టీటన్‌లో మంచు తక్కువ పడ్డా బరువు ఐలండ్ పార్క్ మీదే పడుతుంది.

ఐదో రోజు: టీటన్ డ్యామ్ శిథిలాలు, ఈజిన్, సెయింట్ ఆంథొనీ

టీటన్ నది మీద 305 అడుగుల ఎత్తున కట్టిన మట్టి డ్యామ్ మొదటిసారి నింపుతుండగానే 1976 జూన్ 5న తెగిపోయింది. 11 మంది చనిపోయారు. లోయ మధ్య మిగిలిన మట్టిదిబ్బ ఇప్పటికీ కనబడుతుంది. దాన్ని మళ్లీ కట్టలేదు. ఉన్న నిల్వనే జాగ్రత్తగా వాడుకోవాల్సిన అవసరం ఈ లోయలో ఇంత బలంగా ఉండటానికి అదొక కారణం.

సెయింట్ ఆంథొనీకి పడమర ఈజిన్ బెంచ్. ఇసుక నేల. ఇక్కడి రైతులు 19వ శతాబ్దం చివర్లోనే ఒక పద్ధతి పట్టుకున్నారు. కాలువల నీటిని నేలలోకి ఇంకనిచ్చి, భూగర్భ మట్టాన్ని వేళ్ల దాకా లేపి, కింద నుంచే పైరుని తడిపేవారు. చూడ్డానికి దండగ. కానీ ఆ ఇంకిన నీరు వారాల తర్వాత చల్లబడి, జాలుగా మళ్లీ నదిలోకి వచ్చేది. స్ప్రింక్లర్ పివట్‌లు (పొలంలో గుండ్రంగా తిరుగుతూ నీరు చిమ్మే యంత్రాలు) వచ్చాక కాలువలకి తీసుకునే నీరు తగ్గింది, దానితోపాటు జాలూ తగ్గింది. కాబట్టి ‘మైక్రో ఇరిగేషన్ పెడితే నది బాగుపడుతుంది’ అని గుడ్డిగా అనలేం. తీసుకోనిదాన్ని ఎగువ జలాశయంలో ఆపగలిగితేనే చేపకి లాభం, దిగువన ఊటలు ఎండితే నష్టం. ఇప్పుడు ఈజిన్ లేక్స్ దగ్గర, ఇసుక దిబ్బల పక్కన, కావాలనే నీరు ఇంకిస్తున్నారు.

సెయింట్ ఆంథొనీ ఊళ్లో నది మీద గేజీ ఉంది. ఆగస్టులో కట్ట గేటు ఎంత తెరవాలో ఇక్కడి అంకె చూసి నిర్ణయిస్తారు. కాలువలు తీసుకోగా మిగిలిన నీరు ఇక్కడ కనబడుతుంది. మరీ తక్కువైతే దిగువ నది దెబ్బతింటుంది, ఎక్కువైతే ఐలండ్ పార్క్ నిల్వ ఊరికే స్నేక్ నదిలోకి జారిపోతున్నట్టు. ఒక వాన పడగానే రైతులు పివట్‌లు ఆపేస్తారు, కాలువ తూములు తగ్గుతాయి, ఇక్కడ అంకె లేస్తుంది. కట్ట దగ్గర అదే రోజు గేటు దించాలి, ఎందుకంటే దించినా ఆ మార్పు ఇక్కడికి రావడానికి చాలా గంటలు పడుతుంది. ఆలస్యం ఖరీదు లెక్కేయొచ్చు. 200 క్యూసెక్కులు పది రోజుల పాటు అనవసరంగా పోతే దాదాపు 4,000 ఎకరా-అడుగులు. అదే నీరు అక్టోబరు నుంచి మార్చి దాకా పరిస్తే రోజూ 11 క్యూసెక్కులు. వాతావరణ అంచనా, పైరు దశ, కాలువల్లోకి పోతున్న నీరు మూడూ చూసి ముందుగా గేటు తిప్పడం ఇక్కడ నేర్చుకున్న విద్య. బార్లీ పండటం మొదలై తడి ఆపే వారం, అల్ఫాల్ఫా కోతలకి నీరు కట్టేసే వారం ఏదో తెలిస్తే సగం పని అయినట్టే.

సాగు ముగిశాక మిగిలినదాన్ని పంచే పద్ధతి ఇంకా ఆసక్తికరం. 2003లో వచ్చిన ఒక చట్టం కారణంగా ఇక్కడ కరువు నిర్వహణ ప్రణాళిక తయారైంది. రైతులు, ఫౌండేషన్, బ్యూరో ప్రతినిధులు కలిసి కూర్చుని చలికాలపు ప్రవాహాల మీద మాట్లాడుకుంటారు. సెప్టెంబరు 30న ఒక టీఎంసీ అదనంగా మిగిలిందనుకుందాం. అక్టోబరు నుంచి మార్చి దాకా సమానంగా వదిలితే నది ప్రవాహం దాదాపు 64 క్యూసెక్కులు పెరుగుతుంది. కానీ అక్టోబరు, నవంబరుల్లో పిల్ల చేపకి ఇంకా సత్తువ ఉంటుంది. ఆ రెండు నెలలూ కట్ట నుంచి తక్కువ వదిలి జలాశయాన్ని ముందే నింపుకుని, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా 90 రోజుల్లో ఆ టీఎంసీ వదిలితే ప్రవాహం దాదాపు 129 క్యూసెక్కులు పెరుగుతుంది. రైతు వసంతానికి చూసుకునే మట్టం మారదు. పిల్ల చేప దాక్కునే ఒడ్డు సందులు మాత్రం అవసరమైన నెలల్లో నీటి కింద ఉంటాయి. శరదృతువులో మరీ తొందరగా నింపేస్తే మార్చిలో మంచు కరిగినప్పుడు పట్టే చోటు లేక వదిలేయాలి, మరీ నెమ్మదిగా నింపితే జులైలో కాలువలకి కొరత. అందుకని ఆ అంకెని చలికాలమంతా కొండల మీద మంచు కొలతలతో సరిచూస్తూ ఉంటారు.

నది నాణ్యత కొలిచే యంత్రాలు ఫౌండేషన్ పెట్టినవి ఉన్నాయి. ఉష్ణోగ్రత, ఆక్సిజన్, మసకదనం లాంటివి కొలుస్తాయి. వాటి అంకెలూ, కేంద్ర ప్రభుత్వ గేజీ అంకెలూ ఎవరైనా చూడొచ్చు. చలికాలంలో వెళ్లేవాళ్లు కట్ట కింద గేజీ అంకెకి బఫలో నది 200 కలిపి, నవంబరు అంకెతో జనవరి అంకె పోల్చి చూడాలి. జనవరిది పెద్దగా ఉంటే, శరదృతువులో ఆపిన నీరు బాక్స్ కాన్యన్ ఒడ్డురాళ్ల మధ్యకి చేరుతోందన్నమాట.